వాతరక్తము: నొప్పి లేనినాటి జాగ్రత్త

గౌతమీ గోదావరి సముద్రమును చేరుటకు సుమారు 9 కిలోమీటర్ల యెగువన యానాం పట్టణమున్నది. 1954 నవంబరు 1వ తేదీన భారతదేశ పాలనలోనికి వచ్చువరకు ఇచ్చటి కచ్చేరి భాష ఫ్రెంచి. ఇంటి భాష తెలుగు. ఆ ఫ్రెంచి భాషలో 'గూత్' అను మాట కలదు. దానికి బొట్టు అని అర్థము. వానబొట్టునకును ఆ మాటయే. కాలి బొటనవ్రేలి కీలున బుట్టి మనుష్యుని మంచమునకు కట్టివేయు నొక వ్యాధికిని ఆ మాటయే. శరీరములోని దుష్టరసమేదో కీలులోనికి బొట్టుబొట్టుగా దిగుచున్నదని మధ్యయుగపు ఐరోపా వైద్యులు తలచిరి. లాటిను భాషలో బొట్టు 'గుత్త'. అందుండియే ఫ్రెంచి గూత్, ఇంగ్లీషు గౌటు అను మాటలు పుట్టినవి.

దుష్టరసమను భావన కాలక్రమమున తొలగిపోయినది. బొట్టుబొట్టుగా అను భావన మాత్రము నేటికిని సత్యముగనే నిలిచినది. ఈ వ్యాధి ఒక్క రాత్రిలో వచ్చిపడినట్లు కనిపించును. నిజమునకు అది ఏండ్ల తరబడి పేరుకొనుచు వచ్చినది. నొప్పి పోయినదని రోగి నిశ్చింతగా నున్న దినములలో గూడ అది తన పని తాను చేయుచునే యుండును.

మన ప్రాచీన వైద్యులకు ఇట్టి వ్యాధి తెలియనిది కాదు. చరకసంహిత చికిత్సాస్థానమున 29వ అధ్యాయము వాతరక్తమును గూర్చినదే. చర్మమాంసముల నాశ్రయించినది ఉత్తానమనియు, లోతునకు దిగినది గంభీరమనియు అందు రెండు విధములుగా విభజింపబడినది. ఈ రోగము పాదమూలమున, ఒక్కొక్కప్పుడు హస్తమూలమున ఆరంభించి, ఎలుక విషమువలె మెల్లమెల్లగా దేహమంతట ప్రాకునని సుశ్రుతుడు చెప్పెను. ప్రాచీనులు చెప్పిన వాతరక్తమును, నేటి వైద్యులు చెప్పు గౌటును అన్ని లక్షణములలో ఒకటేయని చెప్పుటకు వీలులేదు. కాని పోలిక స్పష్టము. వాతరక్తమునకు మరియొక పేరు ఆఢ్యవాతము. ఆఢ్యులనగా ధనవంతులు. కూర్చుండి తినువారికి, నడువక వాహనములపై తిరుగువారికి వచ్చు రోగమను నమ్మకము ఆ పేరులోనే కలదు.

ఐరోపాలోను ఇది రాజుల రోగమనియే ప్రసిద్ధి. అంతకు పూర్వము ఆంగ్లేయుల చేతిలో చిక్కిన యానాం, 1814నాటి పారిసు సంధివలన తిరిగి ఫ్రెంచివారి కిచ్చివేయబడెను. ఆనాటి ఫ్రెంచిరాజు 18వ లూయీ ఈ వ్యాధిచేతనే నడువలేనివాడై, తుదకు చక్రముల కుర్చీలో తిరుగవలసినవాడయ్యెను. నేడు ఇది రాజులను వెదకికొని పోవుట లేదు. పడవ నడుపువాని ఇంట, గుమాస్తా ఇంట, బడిపంతులు ఇంట సైతము కనిపించుచున్నది. పేరు మాత్రము ఆఢ్యవాతముగనే మిగిలిపోయినది; ఆ పేరుతోపాటు రోగిపై ఒక నిందయు మిగిలిపోయినది.

యానాంలో నలువదియైదేండ్ల వయసుగల యొక ఉపాధ్యాయుని ఊహించుకొందము. పగలంతయు బడిలో నిలువబడి పాఠము చెప్పి, సాయంకాలము బంధువులయింట విందారగించి, సుఖముగా నిద్రించెను. రాత్రి రెండవ జామున కుడికాలి బొటనవ్రేలిలో మంట పుట్టి మెలకువ వచ్చెను. గడియ గడచునప్పటికి ఆ కీలు వాచి, ఎఱ్ఱబడి, నిగనిగలాడసాగెను.

"ఏమండీ, ఏమైంది?" అని భార్య దీపము వేసెను.

"దుప్పటి తీసెయ్యి. అంచు తగిలితేనే ప్రాణం పోతోంది."

తేలు కుట్టినదేమోయని ఇల్లాలు పక్కబట్టలన్నియు దులిపి చూచెను. తేలు లేదు. తెల్లవారిన పిమ్మట పొరుగింటివారు వచ్చి, "ఎక్కడో బెణికి ఉంటుంది మేష్టారూ, కాపడం పెట్టండి" అనిరి.

ఇది ఊహయే యైనను ఇందలి ప్రతి లక్షణమును వైద్యులెఱిగినదే. ఇంగ్లండు దేశపు వైద్యుడు థామస్ సిడెన్‌హాం తానే ఈ వ్యాధితో చిరకాలము బాధపడి, 1683లో దీనిపై ఒక గ్రంథము వెలువరించెను. ఆరోగ్యముగా నిద్రించినవాడు నడిరేయి పాదపు నొప్పితో మేల్కాంచుటయు, దుప్పటి బరువును సైతము సహింపలేకపోవుటయు అందు వర్ణింపబడినవి. యానాం మేష్టారికిని, లండను వైద్యునికిని నడుమ దేశకాలములు వేరు, బొటనవ్రేలొక్కటే సమానము.

ఈ నొప్పికి మూలమేమి? జీవకణములన్నిటియందు ప్యూరిన్లను పదార్థములు గలవు. పాతకణములు నశించునప్పుడును, తిన్న ఆహారము జీర్ణమగునప్పుడును ఈ ప్యూరిన్లు విడివడి, తుదకు యూరిక్ ఆమ్లముగా మారును. తక్కిన జంతువులలో పెక్కింటికి ఈ ఆమ్లమును ఇంకను విడగొట్టి సులభముగా విసర్జించు యూరికేజ్ అను ఎంజైము కలదు. మానవుడును, అతనికి దగ్గరివైన వాలములేని వానరములును పరిణామక్రమమున దానిని కోల్పోయినవి. అందుచే మానవ దేహమున పుట్టిన యూరిక్ ఆమ్లములో మూడింట రెండు వంతులు మూత్రపిండములగుండ, తక్కినది ప్రేగులగుండ వెలికిపోవలెను. ఆ దారి ఇఱుకైనచో ఆమ్లము రక్తమున నిలిచిపోవును.

తరువాతి కథ తీరప్రాంతపు విద్యార్థులు ఉప్పుమళ్ళలో చూచునదే. మడిలోని సముద్రపు నీరు ఎండకు చిక్కబడుచున్నను కొంతవరకు నీరుగనే యుండును. ఒక హద్దు దాటినంతనే ఉప్పు పలుకులు కట్టును. యూరిక్ ఆమ్లపు లవణమునకును అట్టి హద్దు కలదు. అది డెసిలీటరు రక్తమునకు సుమారు 6.8 మిల్లీగ్రాములు. ఆ హద్దు మీరి ఏండ్లకొలది యున్నచో కీళ్ళలో సూదులవంటి స్ఫటికములు ఏర్పడును. చల్లదనమున లవణము తక్కువగా కరగును. దేహమధ్యమునకు దూరముగా నుండి చల్లబడు బొటనవ్రేలు మొదట చిక్కుటకు ఇదియొక కారణము. ఒకనాడు రక్తములోని తెల్లకణములు ఆ స్ఫటికములను శత్రువులని యెంచి పైబడును. ఆ పోరాటమే వాపు, ఎఱుపు, నొప్పి.

ఇందొక చిక్కు కలదు. నొప్పి తీవ్రముగా నున్న దినములలో రక్తపరీక్ష చేసినచో యూరిక్ ఆమ్లము ఒక్కొక్కప్పుడు సాధారణముగనే కనిపించును. అది చూచి వ్యాధి లేదని నిశ్చయించుకొన్నవారు పలువురు. నొప్పి తగ్గిన కొన్ని వారములకు మరల పరీక్షించుట మేలు. కీలునుండి తీసిన ద్రవమును సూక్ష్మదర్శినితో పరీక్షించి స్ఫటికములను చూచుట నిక్కమైన నిర్ణయము. ఈ పద్ధతిని 1961లో అమెరికా వైద్యులు మెకార్టీ, హాలెండరు నెలకొల్పిరి.

ఇక నింద సంగతి. యానాంలో ఆ నిందకు సాక్ష్యములు వెదకనక్కరలేదు. వర్షాకాలమున గోదావరికి ఎఱ్ఱనీరు రాగా, సముద్రమునందలి విలస చేప ప్రవాహమున కెదురీది వచ్చి పులసయను పేరు పొందును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత ఈ సీమదే. పుదుచ్చేరి పాలనలోని ఊరగుటచే చవుక మద్యమునకును యానాం చిరకాలముగా పేరుపడినది. కావున బొటనవ్రేలు వాచినవానిని చూచి, "పులసా, సీసా" అని నవ్వుట సులభము. ఏనాడును మద్యము ముట్టని ఉపాధ్యాయుడు ఆ నవ్వునకు వెఱచి, నొప్పిని బెణుకని చెప్పుకొని, వైద్యుని వద్దకు పోక దాచుకొనును. నింద చేయు హాని ఇంత.

ఆహారమునకు సంబంధము లేదని కాదు. అమెరికాలో 47,150 మంది పురుషులను 12 సంవత్సరములు గమనించి, 2004లో ప్రకటించిన యొక పరిశీలనము కలదు. ఆ కాలమున వారిలో 730 మందికి కొత్తగా గౌటు వచ్చెను. మాంసము, సముద్రపు చేపలు మిక్కిలిగా తినువారికి వ్యాధి హెచ్చుగా కనిపించెను. మద్యములలో బీరు అన్నిటికంటె చెడ్డదని తేలెను. తీపి పానీయములును మంచివి కావని తరువాతి పరిశీలనలు చెప్పినవి. కాని అదే పరిశీలనమున ప్యూరిన్లు గల పప్పుదినుసులు, పాలకూర మొదలగువానివలన వ్యాధి హెచ్చలేదు. పాలు, పెరుగు తీసికొనువారికి తగ్గెను. రోగి కోరినది పాలే, వైద్యుడు చెప్పినది పాలే యను సామెత ఇచ్చట అక్షరాల సార్థకము. కాగా మన యిండ్లలో జరుగునది దీనికి విరుద్ధము. రోగి విస్తరిలోనుండి ముందుగా కందిపప్పు తొలగింపబడును. పెండ్లివిందులో మాంసము మాత్రము ఒక్కనాటికేమని వడ్డింపబడును.

పథ్యము ఎంత కఠినముగా చేసినను యూరిక్ ఆమ్లము కొంతమాత్రమే తగ్గును. రోగులలో అత్యధికులకు అసలు దోషము విస్తరిలో లేదు. మూత్రపిండములు ఆ ఆమ్లమును చాలినంతగా విసర్జింపలేకపోవుటలో నున్నది. అది తలిదండ్రులనుండి సంక్రమించు గుణము కావచ్చును. రక్తపోటునకు వాడు కొన్ని మూత్రవిసర్జక ఔషధములవలన హెచ్చవచ్చును. ఎండలో చెమటోడ్చి, చాలినంత నీరు త్రాగని కూలివానికిని, దీర్ఘోపవాసములు చేయువానికిని నొప్పి తిరుగబెట్టవచ్చును. స్త్రీలకు ముట్లుడుగువరకు స్వాభావికమైన రక్షణ కొంత కలదు. పిమ్మట వారికిని భయము తప్పదు. ఇట్టి రోగమును తిండిపోతు రోగమనుట అన్యాయము.

మేష్టారి కాలు పదిదినములలో వాపు తీసి యథాప్రకారమయ్యెననుకొందము. "తగ్గిపోయిందిగా, ఇంకెందుకు మందు?" అని అతడనును. ఈ వ్యాధిలో మిక్కిలి ప్రమాదకరమైన మాట ఇదియే. రెండవ దాడి ఏడాదికి రావచ్చును, రెండేండ్లకు రావచ్చును. ఆ నడుమ నొప్పిలేదు. స్ఫటికములు మాత్రము కీలులోనే యున్నవి. క్రమముగా దాడుల నడుమ ఎడము తగ్గును. మడమ, చీలమండ, మోకాలు, మణికట్టు, వ్రేళ్ళు ఒకదాని వెంట నొకటి చిక్కును. బొటనవ్రేలితో మొదలైనది ఎలుక విషమువలె ప్రాకుననిన సుశ్రుతుని మాట అప్పుడు గుర్తునకు వచ్చును.

పది పదునైదేండ్లు ఇట్లు ఉపేక్షించినచో కొందఱికి చెవితమ్మెల అంచున, మోచేతిపై, వ్రేలికణుపులపై, మడమవెనుక గట్టి బొడిపెలు లేచును. వీనిని వైద్యులు టోఫై యందురు. చర్మము పగిలినచో వానినుండి సుద్దవంటి తెల్లని పదార్థము వెలువడును. 1679లో హాలెండు దేశపు లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో ఇట్టి పదార్థమును ఉంచి, పొడుగైన పలుకులను చూచెను. అది యూరిక్ ఆమ్లపు లవణమని 1797లో ఇంగ్లండు రసాయనశాస్త్రజ్ఞుడు వొలాస్టన్ తేల్చెను. ఈ సుద్ద వ్రేళ్ళలో చేరిన ఉపాధ్యాయుడు బల్లపై వ్రాయుటకు సుద్దముక్కను పట్టుకొనలేడు. చొక్కా బొత్తాము పెట్టుకొనుటకు మనుమని పిలువవలసివచ్చును. చెప్పులు పట్టవు. ఎముక అంచులు తినబడి కీలు వంకరపోవును. ఒకసారి వంకరపోయిన కీలును ఏ మందును తిన్నగా చేయలేదు.

హాని కీళ్ళతో ఆగదు. యూరిక్ ఆమ్లము మూత్రపిండములలో రాళ్ళు కట్టవచ్చును. ఈ రోగులలో రక్తపోటు, మధుమేహము, హృద్రోగము, మూత్రపిండముల బలహీనత తఱచుగా జతగూడి యుండును. దీనికి తోడు మానవుడు స్వయముగా తెచ్చుకొను కీడొకటి కలదు. దాడి వచ్చినపుడెల్ల వైద్యుని అడుగక మందుల షాపులో నొప్పిబిళ్ళలు కొని మ్రింగుట అలవాటగును. నొప్పి తగ్గును, ఏండ్లకొలది వాడిన ఆ బిళ్ళలవలన మూత్రపిండములు చెడును. యూరిక్ ఆమ్లమును బయటకు పంపవలసిన ద్వారమే మూసికొనిపోయిన పిదప వ్యాధి ఇంకను విజృంభించును.

ఇన్ని చెప్పిన పిదప ఇది అసాధ్యరోగమను భయము కలుగరాదు. దీర్ఘకాలిక కీళ్ళవ్యాధులలో ఇంత తేటగా కారణము తెలిసి, ఇంత చక్కగా లొంగునది మరియొకటి అరుదు. ఆ జ్ఞానము చేకూరుటలో ఫ్రెంచివారికిని భాగము కలదు, గోదావరి సీమకును భాగము కలదు.

కాల్చికం అను మొక్క దుంప కీళ్ళనొప్పికి ప్రాచీనకాలమునుండి వాడుకలో నున్నది. మన దేశపు హకీములు ఆ జాతి దుంపనే సురంజాన్ అని వాడిరి. 1820లో పారిసు నగరపు పెలెతియే, కవంతూ అను శాస్త్రజ్ఞులు కాల్చికమునుండి దాని సారమును వేఱుచేసిరి. చలిజ్వరమునకు మందైన క్వినైనును అదే సంవత్సరమున సింకోనా పట్టనుండి వేఱుచేసినవారును వీరే. ఆ సారమునకు కాల్చిసిన్ అను పేరు 1833లో జర్మనీ దేశీయుడు గైగర్ పెట్టెను. మన అడవులలోను కంచెలవెంటను నిప్పుమంటవంటి పూవులు పూయు అడవినాభి దుంపలోను, గింజలోను ఇదే పదార్థము కలదు. తమిళనాడులో రైతులు ఔషధమునకై దీనిని సాగుచేయుచున్నారు. వైద్యుడు తూచి ఇచ్చిన కొలది ఇది మందు. పెరటిదుంపయని స్వయముగా తినినచో ప్రాణాంతకమైన విషము. అదియునుగాక కాల్చిసిన్ దాడిని అణచును గాని యూరిక్ ఆమ్లమును తగ్గింపదు. మంట నార్పునది అది. కట్టెలు తొలగించునది వేఱొకటి కావలెను.

ఆ రెండవ మందు చరిత్రలో 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున విద్యాభ్యాసము చేసిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నీడ కలదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో ఆయన పనిచేయుచు, కండరములకు శక్తినిచ్చు ఏ.టీ.పీ. అను పదార్థమును 1929లో ఫిస్కేతో కలిసి వెల్లడించెను. ఆ ఏ.టీ.పీ.లోని ముఖ్యభాగము ప్యూరినే. ఆ ప్రయోగశాలకే జార్జి హిచింగ్స్ అను యువకుడు చేరి, ప్యూరిన్లను అత్యల్పపరిమాణమున కొలుచు పద్ధతులపై కృషిచేసి 1933లో డాక్టరేటు పొందెను. పిమ్మట హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియన్ అను విదుషీమణితో గూడి ప్యూరిన్ల మార్గమునే పట్టి పలు ఔషధములు కనుగొనెను. రక్తపు క్యాన్సరు మందు దేహమున త్వరగా నశింపకుండుటకై వారు పరీక్షించిన అల్లోప్యూరినాల్, యూరిక్ ఆమ్లము పుట్టుటనే తగ్గించుచున్నదని కనబడెను. 1966లో గౌటునకు దానిని వాడుటకు అమెరికా ప్రభుత్వ మనుమతి నిచ్చెను. 1988లో హిచింగ్స్, ఎలియన్ వైద్యశాస్త్రమున నోబెలు బహుమతిని జేమ్స్ బ్లాకుతో పంచుకొనిరి. సుబ్బారావుగారు 1948లోనే దివంగతులైరి.

నేడు చికిత్సామార్గము సుగమము. దాడి వచ్చినపుడు దానిని అణచు మందు కొన్ని దినములు. తఱచు దాడులు వచ్చువారికి, బొడిపెలు లేచినవారికి, మూత్రపిండముల బలహీనత గలవారికి యూరిక్ ఆమ్లమును తగ్గించు మందు ఏండ్ల తరబడి నిత్యము. అది స్వల్పమోతాదుతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చేయుచు, 6 మిల్లీగ్రాములకు దిగువగా వచ్చువరకు మెల్లగా పెంచవలెను. బొడిపెలు గలవారికి 5కు దిగువగా నుంచుట మంచిది. అప్పుడు కట్టిన స్ఫటికములు తిరిగి కరగును. బొడిపెలు సైతము నెలలు, ఏండ్ల మీద అణగును. మందు ఆరంభించిన తొలివారములలో ఒడలిపై దద్దురు లేచినచో వెంటనే ఆపి వైద్యుని చూడవలెను. అది అరుదైనను అపాయకరము.

ఇక్కడనే పెక్కుమంది దారి తప్పుచున్నారు. స్ఫటికములు కరగనారంభించిన తొలినెలలలో దాడులు మరల రావచ్చును. రోగి అది చూచి, మందు పడలేదని మానివేయును. లేదా ఆరునెలలు సుఖముగా గడచినంతనే, ఇక అక్కరలేదని మానివేయును. రెండు విధములను స్ఫటికములకే జయము. ఇంగ్లండులోని నాటింగుహాంలో 517 మంది రోగులపై జరిపిన యొక పరీక్ష 2018లో ప్రకటింపబడినది. సగముమందికి మామూలు వైద్యమును, తక్కినవారికి నర్సులచేత చికిత్సను ఏర్పరచిరి. నర్సులు కొత్తమందు లేవియు ఇయ్యలేదు. వ్యాధి ఏమి, మందు ఎందులకు, మొదట నొప్పి హెచ్చుట ఏల యని ఓపికతో బోధించి, రోగి సంశయములను తీర్చి, మోతాదును క్రమముగా పెంచిరి. రెండేండ్లకు మామూలు వైద్యమున నూటికి 30 మంది యూరిక్ ఆమ్లము హద్దులోనికి రాగా, నర్సులవద్ద నూటికి 95 మందికి వచ్చెను. రెండవ ఏట దాడులును, బొడిపెలును వీరికే తక్కువ.

ఉపాధ్యాయులు ఈ అంకెలను ఒకసారి తలపోయవలెను. రెండు వర్గములకును అందుబాటులో నున్న ఔషధములొక్కటే. భేదము పాఠము చెప్పుటలో నున్నది. కారణము తెలియనివాడు నొప్పి పోగానే మందు మానును. కారణము తెలిసినవాడు నొప్పి లేనినాడును బిళ్ళ వేసికొనును. ఇంట తాతగారి కాలు వాచినపుడు ఏమి తినెనని అడుగుటకు మారుగా, రక్తపరీక్ష ఎప్పుడు చేయించెనని అడుగగల విద్యార్థి ఆ ఇంటికి మేలుచేసినవాడగును.

ఊహించుకొన్న మేష్టారికి ఇంకను వ్యవధి యున్నది. ఈ ఉదయమున అతనికి నొప్పి లేదు. చెప్పులు తొడిగికొని గౌతమి గట్టువెంబడి బడికి నడచిపోవుచున్నాడు. వైద్యుని చూచుటకు తగిన దినము ఇదియే. బొట్టుబొట్టుగా చేరినది బొట్టుబొట్టుగనే కరగవలెను. దానికి రెండేండ్లు పట్టవచ్చును. సుద్దముక్క పట్టు వ్రేళ్ళు అతనికి అంతకంటె చిరకాలము కావలసియున్నవి.